1971లో 14కి 10, 1972లో ఒకే ఒక్కటి. ఆ ఒక్కటి ఈశ్వరీబాయి ఎట్ల గెలిచింది?

నిజాంసాగర్ పిలగాడు

అందరికీ నమస్తే. గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అయితున్న. ఆరో పేపర్, అదే తెలంగాణ ఉద్యమం, చదువుకుంట చదువుకుంట 1972 కాడ ఆగిపోయిన.

1969 ఉద్యమం అయినంక 1971 లోక్‌సభ ఎన్నికలల్ల తెలంగాణ ప్రజా సమితి 14ల 10 ఎంపీ సీట్లు కొట్టింది, అదీ దేశమంతా ఇందిరమ్మ గాలి వీస్తున్నప్పుడు. అదే ఏడు సెప్టెంబర్ల ఆ పార్టీని నడిపిస్తున్న చెన్నారెడ్డి దాన్ని తీస్కపోయి కాంగ్రెస్‌ల కలిపేసిండు. మేం కలవం అన్నోళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి అని పెట్టుకున్నరు. ఆర్నెల్లకే 1972 మార్చిల అసెంబ్లీ ఎన్నికలొస్తే కాంగ్రెస్‌కి 287ల 219, ఈ సంపూర్ణ పార్టీకి ఒక్కటంటే ఒక్కటి.

ఆ ఒక్కటి మా ఎల్లారెడ్డి! గెలిచింది జె. ఈశ్వరీబాయి. నేను అక్కడ పుట్టి పెరిగిన, ఇరవై ఆరేండ్లొచ్చినయి, ఈ ముచ్చట మా బళ్లె ఒక్క సారు చెప్పలే. ఇంట్ల పెద్దోళ్లని అడిగితే "అసెంబ్లీల చెప్పు చూపిచ్చినామె గదా" అని నవ్వుతరు, అంతకుమించి ఏం రాదు. కోచింగ్ మెటీరియల్ల కూడ అదే ఒక్క లైన్.

నాకు సమజ్ కానిది ఏందంటే, పార్టీ మొత్తం కొట్టుకపోయినప్పుడు ఒక్క ఆడామె, అది కూడ సికింద్రాబాద్ నుంచి వచ్చినామె, డబ్బు లేదు, పెద్ద కులం లేదు, ఎట్ల నిలబడ్డది? రిజర్వుడ్ సీటు కాబట్టా? ఉద్యమం సెంటిమెంటా? ఇంకేమన్నానా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి, పరీక్షకే కాదు, నాకే తెలుసుకోవాలనుంది.

నందిగామ సెంటర్

మీ పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పే ఆ చెప్పు సంగతి మా పక్క నవ్వుతూ చెప్పుకునేది కాదు తమ్ముడూ, అందుకని ముందు అదే రాస్తా.

కంచికచర్ల మాకు పక్కనే. విజయవాడ రోడ్డు మీద రోజూ వేల కార్లు దాటిపోతాయి, అక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. 1968 ఫిబ్రవరిలో కోటేశు అనే దళిత కుర్రాణ్ణి, ఇత్తడి సామాను దొంగిలించాడని నేరం మోపి, కట్టేసి కొట్టి కిరోసిన్ పోసి తగలబెట్టారు. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల వయసు ఉంటుందేమో. ఇది అసెంబ్లీలో చర్చకొచ్చినప్పుడు ఒక మంత్రిగారు దొంగతనం చేస్తే ఊరుకుంటారా అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడని, దానికి ఈశ్వరీబాయి గారు లేచి చెప్పు తీసి చూపించారని మావాళ్లు చెప్పుకుంటారు. మా చిన్నప్పుడు పేటలో అంబేడ్కర్ జయంతి మీటింగుల్లో ఈ కథ చెప్పకుండా ఒక్క స్పీకరూ దిగేవాడు కాదు.

నేను గమనించేది ఇంకోటి. ఆవిడ ఎమ్మెల్యే అయ్యి అప్పటికి ఏడాదే. నిజామాబాద్ జిల్లా సీటు. చచ్చిపోయినవాడు కృష్ణా జిల్లా కుర్రాడు, ఓటుకి పనికొచ్చేవాడు కాదు, వాళ్లవాళ్లు ఎవరూ ఆవిడకి ఓటేసేవాళ్లు కాదు. అయినా సరే అది తన గొడవే అనుకుంది. దళితుల్ని ఊచకోత కోసిన కారంచేడు 1985లో, చుండూరు 1991లో, వాటి వెనక పెద్ద ఉద్యమాలొచ్చాయి, పేపర్లు రాశాయి, పాటలొచ్చాయి. 1968లో అవేమీ లేవు. సభలో లేచి నిలబడే మనిషి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఎల్లారెడ్డిలో ఎలా గెలిచిందో మాత్రం మీ తెలంగాణవాళ్లే చెప్పాలి.

లష్కర్ పాతోడు

బాబూ, నాకు డెబ్బై దాటాయి, పుట్టిందీ పెరిగిందీ లష్కర్లోనే (మేం సికింద్రాబాద్ అని ఇప్పటికీ అనం). నీ ప్రశ్నకి జవాబు ఎల్లారెడ్డిలో కాదు, చిలకలగూడలో మొదలవుతుంది. కొంచెం ఓపికగా చదువు, నాకు తిన్నగా చెప్పడం రాదు.

చిలకలగూడ అంటే స్టేషన్ వెనకాల. రైల్వే క్వార్టర్లు, వర్క్‌షాపులు, పక్కన మెట్టుగూడ, ఆ వైపు నామాలగుండు, సీతాఫల్‌మండి. నెల జీతాలవాళ్లు, కూలీలు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లింలు, మాల మాదిగ వాడలు, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే బస్తీ. ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న అక్కడే పుట్టింది. మాల కుటుంబం. కీస్ హైస్కూల్లో చదివింది. ఆ రోజుల్లో, ఆ కులంలో, ఆడపిల్ల కీస్ స్కూల్ దాకా వెళ్లడమంటే నువ్వే ఊహించుకో. అయినా పదమూడేళ్లకే పెళ్లి చేశారు, పుణెలో దంతవైద్యుడు, జెట్టి లక్ష్మీనారాయణ గారు. జె. అనే ఇంటిపేరు అక్కణ్ణుంచి వచ్చిందే. కొన్నేళ్లకి చిన్న కూతుర్ని తీసుకుని పుట్టింటికి తిరిగి వచ్చేసింది.

ఇప్పుడు సింగిల్ మదర్ అని తేలిగ్గా అంటున్నాం గానీ ఆ కాలంలో మొగుడి ఇల్లు వదిలి వచ్చిన ఆడదాన్ని బస్తీ ఎన్ని మాటలంటుందో నాకు తెలుసు, మా ఇంట్లోనే మేనత్త ఒకావిడ అలా వచ్చి పడిన బాధ చూశాను. ఈవిడ ఏడుస్తూ కూర్చోలేదు. పరోపకారిణి స్కూల్లో టీచరుగా చేరింది, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది, తర్వాత చిలకలగూడలోనే గీతా విద్యాలయం అని కూతురి పేరు మీద బడి పెట్టింది. పిల్లలకి చదువు, ఆడవాళ్లకి కుట్లు అల్లికలు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు, ఐదూ మాట్లాడేది. లష్కర్లో రాజకీయం చెయ్యాలంటే ఒక్క తెలుగుతో పని జరగదు, నల్లా దగ్గర ఒక భాష, మునిసిపల్ ఆఫీసులో ఒక భాష.

1950ల మొదట్లోనే చిలకలగూడ నుంచి కౌన్సిలర్ అయ్యింది. అప్పుడు లష్కర్‌కి వేరే కార్పొరేషన్ ఉండేది, 1960లో హైదరాబాద్‌లో కలిపేశారు. కౌన్సిలర్ పనంటే తెలుసుగా, నల్లా రాలేదు, మోరీ నిండింది, వీధి దీపం లేదు, గుడిసె పీకేస్తున్నారు, పొద్దున లేస్తే గుమ్మం ముందు జనం. పార్టీ మీటింగుల్లో స్పీచులు ఇచ్చి పైకొచ్చినవాళ్లకీ, గుమ్మం ముందు జనాన్ని చూసి పైకొచ్చినవాళ్లకీ తేడా ఉంటుంది. నా లెక్కలో ఆవిడ రెండో రకం. ఎల్లారెడ్డిలో నీకు కనపడుతున్న మనిషి అసలు చిలకలగూడ కౌన్సిలరే, మనిషి మారలేదు, ఊరు మారింది.

పార్టీ సంగతి. అంబేడ్కర్ గారి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ మనిషి ఆవిడ. అంబేడ్కర్ 1956 డిసెంబర్లో పోయారు, మరుసటి ఏడు నాగపూర్లో ఫెడరేషన్ కాస్తా రిపబ్లికన్ పార్టీ అయ్యింది. ఇక్కడ ఆ పార్టీకి ఈవిడ జనరల్ సెక్రటరీగా, తర్వాత ప్రెసిడెంట్‌గా చేసింది. రిపబ్లికన్ పార్టీ పెద్దతలకాయలు ఎక్కువగా మరాఠీవాళ్లు, పుణె కాపురం ఇచ్చిన మరాఠీ అక్కడ పనికొచ్చి ఉంటుందని నా అంచనా. ఒక రాష్ట్రంలో ఒక పార్టీని ఆడమనిషి నడపడం, 1960లలో, ఇంట్లో మగ నాయకుడు ఎవరూ లేకుండా! ఇప్పుడు మహిళా నాయకురాళ్లంటే సగం మంది ఫలానా వారి భార్య, ఫలానా వారి కోడలు.

సీటు లెక్కల సారు

ఎన్నికల అంకెలంటే నాకు పిచ్చి, కాబట్టి ఎల్లారెడ్డి సంగతి నేను చెప్తాను. లష్కర్ పెద్దాయన చెప్పిన దానికి ఇది రెండో సగం.

సికింద్రాబాద్ మనిషి ఎల్లారెడ్డికి ఎందుకు పోవాల్సి వచ్చింది? 1957కి వెళ్లాలి. అప్పుడు తెలంగాణ ప్రాంతానికి మాత్రమే అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి, ఆంధ్ర వైపు 1955లో గెలిచినవాళ్లే కొనసాగారు. ఆ రోజుల్లో ఎస్సీలకి విడిగా సీటు కాకుండా చాలా చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలు. ఒకే నియోజకవర్గానికి ఇద్దరు ఎమ్మెల్యేలు, ఒకరు జనరల్, ఒకరు ఎస్సీ. ఓటరుకి రెండు బ్యాలెట్లు. అప్పట్లో కాగితం మీద ముద్ర వేయడం లేదు, క్యాండిడేట్‌కి ఒక డబ్బా, డబ్బా మీద గుర్తు, తెర వెనక్కి వెళ్లి నీ చీటీలు రెండు డబ్బాల్లో వేసి రావాలి, రెండూ ఒకే డబ్బాలో వేస్తే ఒక్కటే లెక్క. అలా కామారెడ్డి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి వచ్చింది టి.ఎన్. సదాలక్ష్మి. ఆవిడా సికింద్రాబాద్ మనిషే, బొల్లారం.

1961లో చట్టం తెచ్చి ద్విసభ్య సీట్లు ఎత్తేశారు. పక్కనున్న ఎల్లారెడ్డి ఎస్సీ రిజర్వుడ్ అయ్యింది. 1962లో సదాలక్ష్మి అక్కణ్ణుంచి గెలిచింది. అప్పటికే ఆవిడ అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా చేసి ఉంది, 1960 నుంచి 62 వరకు, ఆ పదవిలో తొలి మహిళ. తర్వాత దేవాదాయ శాఖ మంత్రి.

ఇక 1967. ఎల్లారెడ్డిలో కాంగ్రెస్ తరఫున సదాలక్ష్మి, మాజీ మంత్రి, సిట్టింగ్. ఎదురుగా రిపబ్లికన్ పార్టీ నుంచి ఈశ్వరీబాయి. ఒక్కసారి ఊహించండి, నిజామాబాద్ జిల్లాలో మంజీర కాలవల కింద వరి, చెరుకు వేసే దొరల ఊళ్లు, అక్కడ 1967లో అసలు పోటీ ఇద్దరు దళిత స్త్రీల మధ్య, ఇద్దరూ లష్కర్ నుంచి రైలెక్కి వచ్చినవాళ్లే. మీటర్ గేజ్ బండిలో కామారెడ్డి దిగి అక్కణ్ణుంచి రోడ్డు. ఇది మన పాఠ్య పుస్తకాల్లో ఒక పేజీ ఉండాల్సిన ఎన్నిక.

ఈశ్వరీబాయి గెలిచింది. ఆ ఏడు కాంగ్రెస్‌కి రాష్ట్రంలో 165 వచ్చాయి, రిపబ్లికన్ పార్టీకి 2. అంటే ఆవిడ 1967లోనూ పార్టీ గాలి మీద రాలేదు, అసలు పార్టీకి గాలి అనేదే లేదు. 1972లో కూడా అదే జరిగింది, పార్టీ పేరు మారిందంతే. ఒక పార్టీకి రెండే సీట్లు వచ్చినప్పుడు అందులో ఒకటి, ఇంకో పార్టీకి ఒకటే వచ్చినప్పుడు ఆ ఒకటి. నన్నడిగితే నీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఏదో ఒకటి అంటా

సారూ అన్నీ బాగానే ఉన్నాయి కానీ మరీ ఎత్తేస్తున్నారేమో. రిజర్వుడ్ సీటు, ఎవరో ఒక ఎస్సీ క్యాండిడేటే గెలవాలి, అందులో ఈమె సిట్టింగ్ ఎమ్మెల్యే, 69లో జైలుకి కూడా వెళ్లొచ్చింది, తెలంగాణ సెంటిమెంట్ ఇంకా పచ్చిగా ఉంది. ఇన్ని ఉన్నాక గెలవకపోతే ఆశ్చర్యం గానీ గెలిస్తే ఏముంది. పైగా రిపబ్లికన్ పార్టీలోంచి తెలంగాణ పార్టీలోకి దూకింది, ఇవాళ ఎవరైనా అలా చేస్తే మీరే గోడ దూకుడు అంటారు.

సీటు లెక్కల సారు

రిజర్వుడ్ సీటంటే నిలబడేవాడు ఎస్సీ అవ్వాలి, ఓటేసేవాళ్లు కాదు. ఎల్లారెడ్డిలో ఎస్సీ ఓట్లు ఒక్కటే వేసుకుంటే ఎవరూ గెలవరు. రెడ్లు, వెలమలు, ముదిరాజులు, గౌడ్లు, పద్మశాలీలు, ముస్లింలు, లంబాడీలు, వీళ్లు ఓటేస్తేనే పని. అందుకే రిజర్వుడ్ సీట్లలో పెద్ద పార్టీలు నోరెత్తని మనిషిని వెతికి నిలబెట్టేవి, ఊరి పెద్దలకి అభ్యంతరం ఉండకూడదని. అలాంటి చోట అంబేడ్కర్ పార్టీ మనిషి, నోరున్న మనిషి, అసెంబ్లీలో చెప్పు చూపించిందని పేరు పడ్డ మనిషి, ఐదేళ్లయ్యాక మళ్లీ గెలిచింది. ఆ పేరు పడ్డాక గెలవడమే నాకు పెద్ద విషయం. 1967లో తెలియక వేశారనుకుందాం, 1972లో తెలిసే వేశారు.

సెంటిమెంట్ అంటావా, అది తెలంగాణ అంతా ఉంది కదా. ఒక్క ఎల్లారెడ్డిలోనే ఉండి మిగతా చోట్ల ఆవిరైపోయిందా? 1971లో ఆ సెంటిమెంట్‌తోనే పదిమంది ఎంపీలు గెలిచారు. 72లో అదే సెంటిమెంట్ నమ్ముకుని సంపూర్ణ సమితి తరఫున నిలబడ్డ మిగతావాళ్లు అందరూ ఓడారు. కాబట్టి సెంటిమెంట్‌తో మిగతావాళ్ల ఓటమిని చెప్పలేం, ఈమె గెలుపునీ చెప్పలేం.

గోడ దూకుడు మాట మరీ అన్యాయం. దూకేవాడు అధికారం ఉన్న వైపు దూకుతాడు. పెద్దవాళ్లంతా కాంగ్రెస్‌లోకి పోతున్నప్పుడు ఓడిపోయే పార్టీలోకి వచ్చి నిలబడ్డం దూకుడెలా అవుతుందో నువ్వే చెప్పు. కావాలంటే కాంగ్రెస్‌లోకి పోయి ఉండొచ్చు, రెండు చేతులా తీసుకునేవాళ్లు.

ఏదో ఒకటి అంటా

ఓడిపోయే పార్టీ పాయింట్ బాగుంది, దానికి ఎదురు చెప్పలేను. కానీ సిట్టింగ్ అడ్వాంటేజ్ మాత్రం వదలను. ఒక్కతే గెలిచి ఆ ఆరేళ్లు ఏం సాధించింది మరి? ఒక్క ఎమ్మెల్యే ఏం చేస్తుంది?

లష్కర్ పాతోడు

ఏం చేస్తుంది అంటే, బాబూ, ఆ అసెంబ్లీ ఎలాంటిదో చూడు. మార్చిలో గెలిచింది. అక్టోబర్లో సుప్రీంకోర్టు ముల్కీ రూల్స్ (తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే నిబంధనలు) చెల్లుతాయని తీర్పిచ్చింది. దాంతో అటువైపు జై ఆంధ్ర లేచింది. అంటే 69లో మేం విడిపోతాం అని ఇటువాళ్లు అంటే వద్దన్నవాళ్లే, 72లో మేం విడిపోతాం అంటున్నారు! సభలో తెలంగాణ పేరుతో గెలిచిన పార్టీ మనిషి ఈవిడ ఒక్కతే. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పీవీ గారు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన, సెప్టెంబర్లో ఆరు సూత్రాల పథకం, ముల్కీ రూల్స్ పోయాయి, తెలంగాణ వ్యవహారాలు చూసే ప్రాంతీయ సంఘం పోయింది, డిసెంబర్లో ముఖ్యమంత్రిగా వెంగళరావు వచ్చాడు. ఆ తర్వాత ఎమర్జెన్సీ, సభ గడువు పెంచారు, 1978 దాకా నడిచింది. అందులో ప్రతిపక్షంలో ఒంటరి ఎమ్మెల్యే బిల్లులు పాస్ చేయించలేదు, ఎవరూ చేయించలేరు. ప్రశ్నలు అడగొచ్చు, వాయిదా తీర్మానం ఇవ్వొచ్చు, మంత్రి చేత జవాబు చెప్పించొచ్చు, రికార్డులో పేరు పడేలా చెయ్యొచ్చు.

ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. పాత అసెంబ్లీ చర్చలు స్కాన్ చేసి పెట్టారు, తారీఖుల వారీగా. తెలుగులో మాట్లాడింది తెలుగులో, ఇంగ్లీషులో మాట్లాడింది ఇంగ్లీషులో, అదే పేజీలో కిందా మీదా ఉంటాయి, అచ్చు మసకగా, సెర్చ్ కొడితే ఏమీ దొరకదు, పేజీలు తిప్పుకోవాల్సిందే. నేను రిటైరయ్యాక చేసిన పనికిమాలిన పనుల్లో అదొకటి (మా ఆవిడ మాట). చెప్పు కథ చెప్పేవాళ్లలో ఎంతమంది ఆ పేజీలు తెరిచారో నాకు సందేహమే. చర్చ మధ్యలో గొడవ అయితే ఇంటరప్షన్స్ అని ఒక ముక్క వేసి వదిలేస్తారు, ఆ ముక్క లోపల ఏం జరిగిందో గ్యాలరీలో ఉన్నవాడికే తెలుసు.

బొల్లారం బిడ్డ

అందరూ ఈశ్వరీబాయి గారి గురించే రాస్తున్నరు, సంతోషమే. కానీ సదాలక్ష్మమ్మ ఇక్కడ ఓడిపోయిన క్యాండిడేట్‌గా మాత్రమే మిగిలిపోతున్నది, అందుకే నేను రాస్తున్న.

1928ల బొల్లారంల పుట్టింది. సఫాయి పని చేసే మెహతర్ కుటుంబం. దళితులల్ల కూడ అందరికంటే కిందికి నెట్టేసిన ఇల్లు. అక్కణ్ణుంచి డిప్యూటీ స్పీకర్ కుర్చీ దాకా, ఆ తర్వాత దేవాదాయ మంత్రి. గుడి మెట్లు ఎక్కనియ్యని కులంల పుట్టిన ఆడబిడ్డ రాష్ట్రంల గుళ్లన్నిటికీ మంత్రి! దీన్ని మామూలు పోర్ట్‌ఫోలియో లాగ చదివి పక్కకి పెట్టొద్దు. ఆలయ కమిటీల ఫైళ్లు ఆమె సంతకం కోసం ఆగాలె. మాసుమా బేగం గారు 1960ల మంత్రి అయినప్పుడు తొలి ముస్లిం మహిళా మంత్రి అని గొప్పగ చెప్పుకుంటం కదా, ఇది దానికి తక్కువ ముచ్చట కాదు. తర్వాత ప్రతిభా భారతి గారు 1999ల తొలి మహిళా స్పీకర్ అయ్యేదాక ఆ సభల ఆడోళ్లు ఎక్కిన పెద్ద కుర్చీ సదాలక్ష్మమ్మదే. ఇద్దరూ దళిత స్త్రీలే, అది కూడ ఎవ్వరు యాది చెయ్యరు.

ఇంకొకటి. 67ల ఎదురెదురుగ కొట్లాడిన ఈ ఇద్దరూ 69ల ఒక్క తొవ్వల నడిచిన్రు. సదాలక్ష్మమ్మ కాంగ్రెస్ మనిషయ్యుండి, మాజీ మంత్రి అయ్యుండి, సొంత పార్టీ ముఖ్యమంత్రి కుర్చీ మీద ఉన్నప్పుడు తెలంగాణ కోసం రోడ్డెక్కింది. పదవి కావాల్నంటే సప్పుడు చెయ్యకుంట ఉంటే చాలు, మళ్ల ఇంకో శాఖ వచ్చేది. 90లల్ల పెద్ద వయసుల మళ్ల మాదిగ దండోర ఉద్యమంల నిలబడ్డది, ఎస్సీ వర్గీకరణ కావాలె, అంటే ఎస్సీ కోటాను కులాల వారీగ పంచాలె అని. 2004ల పోయింది. వర్గీకరణ చెయ్యొచ్చు అని సుప్రీంకోర్టు తీర్పు 2024 ఆగస్టుల వచ్చింది, అంటే ఆమె పోయిన ఇరవై ఏండ్లకి.

ఈశ్వరీబాయి గారికి మారేడ్‌పల్లిల విగ్రహం ఉంది, ఉండాలె కూడ. కూతురు మంత్రి అయ్యింది, ట్రస్టు ఉంది, జయంతులు చేస్తరు. మా సదాలక్ష్మమ్మకి అంత బలగం లేదు. పేరు నిలబడాల్నంటే పని చేస్తే సరిపోదు, తర్వాత చెప్పేటోళ్లు కావాలె. పరీక్ష రాసేటోళ్లు ఒక్క పేరా అన్నా ఇద్దరిని కలిపి రాయిండ్రి.

నిజాంసాగర్ పిలగాడు

అబ్బ, ఇన్ని ముచ్చట్లు వస్తయని అనుకోలే. అందరికీ దండం. అక్కా, ఇద్దరిదీ కలిపే రాస్త, ఎల్లారెడ్డి మీద ప్రశ్న రాకున్నా రాస్త.

రెండు డౌట్లు మిగిలినయి. ఒకటి, ఈశ్వరీబాయి కూతురు గీతారెడ్డి కాంగ్రెస్ లీడర్ గదా, తల్లేమో చెన్నారెడ్డి పార్టీని కాంగ్రెస్‌ల కలిపితే వద్దని నిలబడ్డది, మరి కూతురు అదే కాంగ్రెస్‌లకి ఎట్ల పోయింది? రెండోది, 1978ల ఎల్లారెడ్డిల ఏమైంది? ఆ తర్వాత అక్కడ మళ్ల ఎస్సీ మనిషే కనిపించడు.

లష్కర్ పాతోడు

మొదటి దానికి నేను. గీతారెడ్డి గారు డాక్టరు, గైనకాలజిస్టు. రాజకీయాల్లోకి వచ్చింది 1989లో, గజ్వేల్ నుంచి, కాంగ్రెస్ టికెట్. తమాషా ఏమిటంటే ఆ ఎన్నిక గెలిచాక ముఖ్యమంత్రి అయినది ఎవరనుకున్నావ్, చెన్నారెడ్డే, రెండోసారి. తల్లి ఏ మనిషి నిర్ణయాన్ని కాదని ఒంటరిగా నిలబడి గెలిచిందో, కూతురు అదే మనిషి నాయకత్వంలో మొదటిసారి గెలిచి సభకి వెళ్లింది. అప్పటికి ఈశ్వరీబాయి గారు బతికే ఉన్నారు, 1991 ఫిబ్రవరిలో పోయారు. దీన్ని రాజీ అంటావో, కాలం మారింది అంటావో నీ ఇష్టం. నాకు మాత్రం వింతగా అనిపించదు. 1989 నాటికి రిపబ్లికన్ పార్టీ ఇక్కడ పేరుకే ఉంది, తెలంగాణ పార్టీ అసలు లేదు, ఎన్టీఆర్ మీద కొట్లాడాలంటే ఉన్నది కాంగ్రెస్ ఒక్కటే. తల్లి కాలంలో ఉన్న మూడో దారి కూతురి కాలానికి మూసుకుపోయింది.

కూతుర్ని డాక్టర్ని చేసింది చూశావా, గీతా విద్యాలయం పెట్టిన టీచరమ్మ, అది నాకు ఎమ్మెల్యే గెలుపు కంటే తక్కువేం కాదు.

సీటు లెక్కల సారు

రెండో దానికి నేను. 1978 ఎన్నికలకి ముందు డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం, జరిగింది. ఎల్లారెడ్డి రిజర్వేషన్ పోయి జనరల్ అయ్యింది, అదే జిల్లాలో జుక్కల్ ఎస్సీ సీటుగా వచ్చింది. 78లో ఎల్లారెడ్డి నుంచి ఇందిరా కాంగ్రెస్ తరఫున తాడూరి బాలాగౌడ్ గెలిచాడు. అక్కడితో ఆ సీటులో లష్కర్ స్త్రీల అధ్యాయం అయిపోయింది. 1962, 67, 72, వరసగా మూడు ఎన్నికలు ఒక మారుమూల నియోజకవర్గాన్ని దళిత స్త్రీలే గెలిచారు, పదహారేళ్లు. ఇవాళ జనరల్ సీట్లలో దళిత స్త్రీకి ఎన్ని పార్టీలు టికెట్ ఇస్తున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టు, వేళ్లు మిగిలిపోతాయి.

వీళ్లని ఎల్లారెడ్డికి తీసుకొచ్చిందీ ఢిల్లీలో గీసిన గీతే, అక్కణ్ణుంచి పంపేసిందీ ఢిల్లీలో గీసిన గీతే. మధ్యలో గెలుపులు మాత్రం వాళ్లవి. పరీక్షలో ఇది రాస్తే దిద్దేవాడు ఒక నిమిషం ఆగుతాడు, చెప్పు కథ రాస్తే ఆగడు, అందరూ అదే రాస్తారు కాబట్టి.

అంకెలు నా మాట మీద నమ్మి రాయకు. ఎలక్షన్ కమిషన్ సైట్లో 1967, 1972, 1978 స్టాటిస్టికల్ రిపోర్టులు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి, ఎల్లారెడ్డి పేజీ తీస్తే అభ్యర్థుల పేర్లు, పార్టీలు, ఓట్లు అన్నీ వరసగా ఉంటాయి. ముందు 1967ది దించుకో.

నిజాంసాగర్ పిలగాడు

దించుకుంటున్న సార్. ఈ దసరాకి ఇంటికి పోయినప్పుడు ఊర్ల ముసలోళ్లని కూడ మళ్ల అడుగుత, ఈసారి చెప్పు సంగతి కాదు, ఓటెందుకు వేసిన్రో అడుగుత. ఎవరన్నా ఏమన్నా చెప్తే ఇక్కడనే రాస్త.